ఊళ్లో ఉండాలంటే... పరదేశి కావాలి!

‘‘మన ఊళ్లో నేను నిశ్చింతగా ఉండాలంటే ముందు అమెరికా మనిషిని కావాలంట. విన్నావా ఈ చోద్యం!’’

2024 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఊళ్లో దిగిన అమ్మ, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంటూ అన్న మొదటి మాట ఇది. నేను నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. చేతి సంచిలోంచి అన్నయ్య రాసిచ్చిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. అందులో పౌరసత్వం గురించి పద్నాలుగు ప్రశ్నలున్నాయి. ‘‘నువ్వు పేపర్లో పని చేస్తావుగా. ఇందులో మన దేశం తరఫువి నువ్వు కనుక్కో, ఆ దేశం తరఫువి వాడు కనుక్కుంటాడు’’ అంది.

అలా నేను వార్త కోసం కాకుండా అమ్మ కోసం తిరగడం మొదలుపెట్టాను.

మాది దివిసీమ. నాగాయలంక దగ్గర చిన్న ఊరు. అన్నయ్య 1997లో ఎమ్మెస్‌కని వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. 2008లో పౌరసత్వం రాగానే అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డుకు పెట్టాడు. పౌరుడైన కొడుకు పెడితే తల్లిదండ్రులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడక్కర్లేదు. 2009 జూన్‌కల్లా ఇద్దరికీ కార్డులొచ్చేశాయి. మనవళ్లను పెంచాలి, పొలం చూసుకోవాలి. ఏడు నెలలు డాలస్‌లో, అయిదు నెలలు దివిసీమలో.

గ్రీన్‌కార్డంటే చాలామందికి వరం. మా అమ్మకు మాత్రం అది పలుపుతాడు. ఎంత దూరమైనా మేయొచ్చు, తాడున్నంత మేరే. ఆర్నెల్లు దాటి బయటుంటే, పౌరసత్వానికి లెక్కపెట్టే ‘నిరంతర నివాసం’ తెగిపోయిందని అనుమానిస్తారు. ఏడాది దాటితే కార్డుకే ఎసరు. ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ల దాకా ఉండొచ్చు. కానీ దానికి అక్కడ ఉండగానే దరఖాస్తు చేయాలి.

2022 ఫిబ్రవరిలో నాన్న ఊళ్లోనే పోయారు. జూన్‌లో కాలవకు నీళ్లొదిలే వేళకి అమ్మ నాన్న గదికి తాళం వేసి విమానం ఎక్కాల్సి వచ్చింది. ఆరోజు గన్నవరం దారిలో కారులో ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడే అన్నయ్యకు అర్థమైనట్టుంది, అమ్మకు కావాల్సింది ఊరని.

‘కార్డు వదిలేస్తే సరి’ అన్నాను నేను. ‘రేపు నాకేదైనా అయితే అమ్మ రావడానికి వీసా ఆఫీసు ముందు నిలబడాలా?’ అన్నాడు వాడు. అదీ నిజమే. ఇక మిగిలింది ఒక్కటే దారి. పౌరసత్వం తీసుకుంటే అమెరికా పౌరురాలు ప్రపంచంలో ఎక్కడైనా ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఎప్పుడైనా తిరిగి వెళ్లొచ్చు. ఇక్కడ ఉండటానికి ఓసీఐ కార్డు ఉంటుంది. లెక్క సరిపోయింది. అయితే లెక్కలో భారత పౌరసత్వం తీసివేతల్లోకి వెళ్లింది.

ఎకరం దగ్గర వచ్చిన చిక్కు

కాగితంలో మొదటి ప్రశ్న పొలం. అమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల మాగాణి ఉంది. ‘పరదేశం మనిషినైతే నా పొలం లాక్కుంటారా?’ అన్నది అమ్మ భయం. ఆ భయం అక్కర్లేదు. ఇక్కడ నివసిస్తున్నప్పుడు సంపాదించుకున్న ఆస్తిని, వారసత్వంగా వచ్చిన ఆస్తిని పౌరసత్వం మారినా ఉంచుకోవచ్చు. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ఆ వీలు కల్పించింది. కొత్తగా వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం కొనడానికి లేదు. ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు.

చిక్కు మరోచోట వచ్చింది. ‘పౌరసత్వం మారకముందే ఇద్దరికీ చెరో ఎకరం రాసిచ్చేస్తాను. తర్వాత ఏ గొడవా ఉండదు’ అంది అమ్మ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లజోడు సర్దుకుని ‘అమ్మాయికి దానపట్టా రాయొచ్చు తల్లీ. అబ్బాయి అమెరికా పౌరుడు కాబట్టి వ్యవసాయ భూమి దానంగా పుచ్చుకోకూడదు’ అన్నాడు. నేను నమ్మలేదు. హైదరాబాద్ వచ్చి ఒక చార్టర్డ్ అకౌంటెంటునీ, లాయరునీ అడిగాను. ఇద్దరూ అదే చెప్పారు. ఓసీఐ ఉన్నవారికి వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు. కొనుక్కున్నా చెల్లదు, దానంగా తీసుకున్నా చెల్లదు.

ఆ సంగతి అన్నయ్యకు ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెల్లెలు ఇక్కడుండి అన్నీ తనవైపు తిప్పుకుంటోందనుకుంటాడేమోనని. చివరికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘పోనీలే, అంతా నీకే రాయమను’ అన్నాడు. ఆ ‘పోనీలే’ లోపల ఏముందో నాకు తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి, రెండేళ్ల అన్నయ్యను భుజాన వేసుకుని అమ్మ ఆ పొలం గట్ల మీంచే నడిచి డాబా ఇంటికి చేరింది. నేనప్పటికి పుట్టనే లేదు. ఆ మట్టి మీద ఎవరికి ఎక్కువ హక్కుందో దస్తావేజు చూసి చెప్పగలమా? ఆ వారమంతా మేమిద్దరం ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు.

దారి చూపింది ఆ దస్తావేజుల పెద్దాయనే. ‘దానాలు మానేసి వీలునామా రాయమ్మా. వీలునామా ద్వారా వస్తే వారసత్వమే. అబ్బాయికీ ఇబ్బంది ఉండదు’ అన్నాడు. వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకుంటే మంచిదన్నాడు. అమ్మ చెరో ఎకరం అని ఒకే కాగితం మీద రాయించి వేలిముద్ర వేసి, సంతకం కూడా చేసింది. ‘రేపు నీ ఎకరం అమ్మాలంటే ఇక్కడుండే భారత పౌరుడికే అమ్మాలట. అంటే నాకే!’ అని అన్నయ్యను ఆటపట్టించాను. ‘కౌలు మాత్రం ఎగ్గొట్టకు’ అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం తెరిపినపడింది.

కంకి కొడవలి కథ

రెండో ప్రశ్న ఓటు. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం ప్రవాస ఓటరుగా నమోదై, పోలింగు రోజు స్వయంగా వచ్చి ఓటేయొచ్చు. గుర్తింపుగా పాస్‌పోర్టే చూపించాలి. అమ్మ అలాగే నమోదు చేయించుకుంది. 2024 మే 13న ఎండ నెత్తికెక్కకముందే బూత్‌కు వెళ్లి, నీలిరంగు పాస్‌పోర్టు చూపించి ఓటేసి వచ్చింది. ఎవరికేశావని అడిగితే ‘అది మీ నాన్నకే చెప్పలేదు’ అంది. అదే ఆఖరి ఓటని మా ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదు.

జూన్‌లో వెళ్లింది. ఆగస్టులో అన్నయ్య ఎన్-400 దరఖాస్తు నింపడం మొదలుపెట్టాడు. ఆన్‌లైన్లో అయితే ఫీజు 710 డాలర్లు. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు నిండాలి. ఆ అయిదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. అందుకోసం పాత టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు ముందేసుకుని ప్రతి ప్రయాణం తేదీలూ రాయాలి. ఎవరైనా ఇటువైపు ఆలోచిస్తుంటే ఇప్పట్నుంచే ప్రయాణాల తేదీలు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. అన్నయ్యకు మూడు శనివారాలు దానికే సరిపోయాయి.

దరఖాస్తులో ఒక ప్రశ్న దగ్గర అమ్మ గట్టిగా ఆగిపోయింది. ‘ఎప్పుడైనా, ప్రపంచంలో ఎక్కడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా? సంబంధం ఉందా?’ కృష్ణా జిల్లా ఆడపడుచును అడగాల్సిన ప్రశ్నేనా అది! మా తాతయ్య ఎర్రజెండా మోసిన మనిషి. ‘మా నాన్నతో మీటింగులకు వెళ్లాను. రెండుసార్లు కంకి కొడవలికి ఓటేశాను. అబద్ధమాడి పౌరసత్వం తెచ్చుకోను. లాయరును అడుగు’ అంది అమ్మ. అన్నయ్య నిజంగానే అడిగాడు. ఓటేసినంత మాత్రాన సభ్యత్వం కాదనీ, కార్డు తీసుకోలేదు కాబట్టి ‘లేదు’ అని రాయొచ్చనీ ఆయన చెప్పాక గానీ ఒప్పుకోలేదు. నవ్వొచ్చినా అమ్మ చేసింది సబబే. దరఖాస్తులో చెప్పిన అబద్ధం బయటపడితే తర్వాతెప్పుడైనా పౌరసత్వం రద్దు కావచ్చు.

తర్వాత పరీక్ష. 55 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డుతో 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లిషు పరీక్ష మినహాయింపు. 50 దాటి 20 ఏళ్లు ఉన్నా అంతే. చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నలకు సొంత భాషలో జవాబు చెప్పొచ్చు. దుబాసీని మనమే వెంటబెట్టుకెళ్లాలి. 65 దాటి 20 ఏళ్లు పూర్తయినవారికి ఇంకాస్త వెసులుబాటు, ఇరవై ప్రశ్నలు చదువుకుంటే చాలు. అమ్మకు వయసు 69, కార్డుకు 15. కాబట్టి వంద ప్రశ్నలూ చదవాల్సిందే. పది అడుగుతారు. ఆరు చెప్పాలి. (2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి లెక్క మారింది. 128 ప్రశ్నల్లోంచి ఇరవై దాకా అడుగుతారు, పన్నెండు చెప్పాలి.)

అక్కడ రాత్రి, ఇక్కడ పొద్దున. మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ నేను పరీక్షాధికారిని. అక్కడ అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అభ్యర్థి.

‘‘రాజ్యాంగం మొదట్లో ఏ మాటలుంటాయి?’’

‘‘ప్రజలమైన మేము అని. మనదీ అలాగే కదే మొదలయ్యేది!’’

‘‘పెద్ద నది?’’

‘‘మిస్సిసిపీ. అదీ మన కృష్ణలాగే సముద్రం దగ్గరికొచ్చి పాయలైపోతుందంట.’’

ప్రతినిధుల సభలో ఎందరన్నది మాత్రం ఎప్పుడూ తప్పేది. ‘నాలుగొందల ముప్పై అయిదు’ అని చెప్పి చెప్పి పక్క సీటులో కూర్చునే అమ్మాయికి కూడా వచ్చేసింది.

2025 ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ. అన్నయ్య స్నేహితుడి భార్య దుబాసీగా వెళ్లింది. ఏడు ప్రశ్నల్లోనే ఆరు చెప్పేసింది అమ్మ. తప్పిన ఆ ఒక్కటీ ఏదో వేరే చెప్పక్కర్లేదు. అంతా బాగానే ఉందనుకుంటుండగా అధికారి అడిగాడట, ‘చట్టం కోరితే దేశం కోసం ఆయుధం పట్టడానికి సిద్ధమేనా?’ అని. దుబాసీ తెలుగులో చెప్పగానే అమ్మ ఆయన వంక చూసి, ‘డెబ్బై ఏళ్లకు తుపాకీ ఇస్తారా? సరే, పట్టుకుంటానని చెప్పమ్మా’ అందట.

ఆ రాత్రి ఫోన్

మార్చిలో ప్రమాణం. పెద్ద హాలు, వందల మంది. లోపలికి వెళ్లేటప్పుడే గ్రీన్‌కార్డు తీసేసుకున్నారట. పదహారేళ్లు ప్రాణంలా దాచుకున్న కార్డు. అందరూ లేచి కుడిచేయి ఎత్తి ప్రమాణం చదివారు. చేతిలో సర్టిఫికెట్, చిన్న జెండా పెట్టారు. అన్నయ్య ఫొటోలు పంపాడు. పట్టుచీరలో అమ్మ బాగుంది.

హైదరాబాద్‌లో నిద్రపోబోతుంటే ఫోన్ మోగింది. ‘ఇంతకుముందున్న దేశం మీద విధేయత వదులుకుంటున్నానని ఉందంట కదే ఆ ప్రమాణంలో. ముందే తెలుసు. అయినా అంటుంటే నోరు ఎండిపోయింది. మీ నాన్న ఉంటే ఏమనేవారో’ అంది. ఏం చెప్పాలో తోచలేదు. ‘ఊరికి రావడానికే కదమ్మా’ అన్నాను. ‘అందుకే అన్నానులే’ అంది.

మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ రద్దు చేయక్కర్లేదు. పాస్‌పోర్టు మీద గడువు ఇంకా ఆరేళ్లున్నా అది చెల్లదు. దానితో ప్రయాణం చేస్తే జరిమానా, ఇంకా పెద్ద చిక్కులూ ఉంటాయి. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వాన్ని వదులుకున్నారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ అంకెల్ని నేను ఎప్పుడో వార్తగా రాశాను. అప్పుడవి అంకెలే.

ప్రమాణం తర్వాత వరుస ఇదీ. ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో వివరం మార్పించుకోవాలి. సర్టిఫికెట్ పెట్టి అమెరికా పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. భారత పాస్‌పోర్టును అప్పగిస్తే రద్దు ముద్ర వేసి, సరెండర్ సర్టిఫికెట్‌తో పాటు తిరిగిస్తారు. ఆ తర్వాతే ఓసీఐకి దరఖాస్తు. ఈ మూడు మెట్లూ ఎక్కేదాకా ఇండియా ప్రయాణం పెట్టుకోకూడదు. ఆపద వస్తే వీసాతోనే రావాలి. అందుకే ఇంట్లో పెళ్లో, పెద్దవాళ్ల అనారోగ్యమో ఉన్నప్పుడు ప్రమాణం తేదీ చూసుకోవాలి.

ఈ ఓసీఐకి మన హైదరాబాద్‌తో ఒక బంధం ఉంది. 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ తొలి కార్డులు అందజేశారు. పేరులో ‘సిటిజన్’ అని ఉన్నా ఇది పౌరసత్వం కాదు. జీవితకాల వీసా లాంటిది. ఎన్నాళ్లున్నా పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడటానికి లేదు, రాజ్యాంగ పదవులు ఉండవు.

అమ్మ దరఖాస్తు పేరు దగ్గర ఆగింది. పాస్‌పోర్టులో పేరు చివర ‘అమ్మ’ ఉంది. పట్టాదారు పాస్ పుస్తకంలో లేదు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట ఒక్క పొడి అక్షరం. పుట్టిన తేదీ జూలై 1. అది బడిలో మాస్టారు వేసింది. పౌరసత్వంతో పాటే పేరు కూడా మార్చుకునే వీలుందని, పొట్టిగా చేసుకోమని అన్నయ్య ముందే చెప్పాడు. ‘దేశం మారుస్తున్నావు చాలదా, పేరు కూడానా?’ అంది. అన్నయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు చేయించి పంపాం. తెలుగువాళ్లకు ఈ ఇంటిపేరు తిప్పలు తప్పవు. దరఖాస్తుకు ముందే అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకుంటే రెండు నెలలు కలిసొస్తుంది.

తిరుగు టికెట్ లేని ప్రయాణం

2025 అక్టోబరులో అమ్మ వచ్చింది. ముదురు నీలం కొత్త పాస్‌పోర్టు, మధ్యలో ఓసీఐ కార్డు. తిరుగు టికెట్ లేదు. ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ ‘తేదీ గుర్తుపెట్టుకునే పనిలేదు ఈసారి’ అని రెండుసార్లు అంది.

అయితే సుఖాంతం అనుకోవద్దు. మిగిలిన కాగితం చిట్టా ఇంకా ఉంది. అమ్మ సేవింగ్స్ ఖాతా ఎప్పుడో ఎన్‌ఆర్‌ఓగా మారాల్సింది, మేం పట్టించుకోలేదు. దగ్గర్లోని బ్యాంకు చుట్టూ అయిదుసార్లు తిరిగి మార్పించాం. ఓసీఐ ఉన్నవారికి ఆధార్ కావాలంటే గడిచిన పన్నెండు నెలల్లో 182 రోజులైనా ఇక్కడ ఉండాలన్న నిబంధన ఉంది. రెండెకరాల కౌలు డబ్బును కూడా అమెరికా పన్ను లెక్కల్లో చూపించాలి. ఆదాయం నిర్ణీత పరిమితి దాటితే, ప్రపంచంలో ఎక్కడున్నా ఆ దేశ పౌరులు పన్ను రిటర్న్ వేయాల్సిందే. విదేశీ ఖాతాల్లో అన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే విడిగా తెలియజేయాలి. అన్నిటికంటే పెద్ద విషయం, అమెరికా మెడికేర్ మామూలుగా ఇక్కడి ఆస్పత్రి ఖర్చుకు పనికిరాదు. అమ్మకు రక్తపోటు ఉంది. విజయవాడ ఆస్పత్రి బిల్లు ఇక మా ఇద్దరిదే. ఇదీ ముందే మాట్లాడుకోవాలి, ఎవరెంత అని. మాట్లాడుకున్నాం.

ఓటర్ల జాబితాలోంచి పేరు తీయించే ఫారం 7 నేను నింపుతానంటే అమ్మ వద్దంది. తనే కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో గడీ నింపింది. రద్దు ముద్ర పడిన పాత పాస్‌పోర్టును నాన్న ఓటరు కార్డు ఉన్న డబ్బాలోనే పెట్టింది.

ఊళ్లో అలవాటు పోలేదు. దారిన పోయేవాళ్లు ఇప్పటికీ అరుగు దగ్గర ఆగి ‘అత్తా, మళ్లీ ఎప్పుడు ప్రయాణం?’ అంటారు. ‘ఇప్పుడప్పుడే లేదురా’ అంటుంది అమ్మ. ఆ మాట చెప్పడం కోసమే వీధివైపు కూర్చుంటుందేమోనని నా అనుమానం.

మొన్న వెళ్లినప్పుడు రాత్రి అన్నం తింటూ అడిగింది.

‘‘మళ్లీ ఓట్లెప్పుడే?’’

చెప్పాను.

‘‘ఆ రోజు సెలవు పెట్టి రా. నన్ను బడి దాకా తీసుకెళ్దువుగాని. లోపలికి రానులే. వేపచెట్టు కింద కూర్చుంటా. అందరూ వస్తారుగా, చూసినట్టుంటుంది’’ అంది.

సరేనన్నాను.